టాకోలు మీరున్న దేశంలో ఎలా తింటారు? అసలు ఇన్ని చోట్లకి ఎలా పాకాయి?

శిరీష_కూకట్‌పల్లి
శుక్రవారం, సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. మా పిల్లలు ఈమధ్య మాల్‌కి వెళ్తే పిజ్జా వదిలేసి టాకో (పల్చటి రొట్టె మడిచి లోపల కూర పెట్టే మెక్సికో వంటకం) కావాలంటున్నారు. మా ఆడపడుచు వాళ్లు నార్వేలో ఉంటారు. అక్కడ శుక్రవారం రాత్రయితే ఇంటింటా టాకోలేనట. పిజ్జా సంగతి అర్థం చేసుకోగలను. ఇటలీ వాళ్లు లక్షల మంది అమెరికా వలస వెళ్లారు, వాళ్లతో పాటు వెళ్లింది, ఆ తర్వాత కంపెనీలు ప్రపంచమంతా తిప్పాయి. మరి నార్వేలో మెక్సికో వాళ్లు ఎంతమంది ఉంటారు కనుక? అక్కడికి టాకో ఎలా చేరింది?

వేరే దేశాల్లో ఉన్నవాళ్లు కాస్త తీరిక చేసుకుని చెప్పండి. మీ దగ్గర ఎలాంటి టాకో దొరుకుతుంది, లోపల ఏం పెడతారు, ఎవరు ఎక్కువ తింటారు? శాకాహారులకి ఏమన్నా ఉంటుందా అన్నది కూడా చెప్తే సంతోషం.

రవి_ఓస్లో
శుక్రవారం, రాత్రి 8:05

శిరీష గారూ, మీ ఆడపడుచు గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ దానికి "ఫ్రెడాగ్స్‌టాకో" అని పేరే ఉంది. శుక్రవారం సాయంత్రం ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా ఆఫర్లన్నీ వాటి మీదే. గట్టి షెల్స్ (వేయించి మడిచిన కరకర రొట్టెలు) డబ్బా, మెత్తటి గోధుమ టోర్టియాల (పల్చటి రొట్టెలు) ప్యాకెట్, మసాలా పొట్లం, సీసాలో సాల్సా (టమాటా, మిరప పచ్చడి). అమెరికా బ్రాండ్ ఓల్డ్ ఎల్ పాసో, స్వీడన్ బ్రాండ్ శాంటా మారియా, ఈ రెండే ఎక్కువ కనిపిస్తాయి.

ఇంట్లో చేసేది చాలా సులువు. కీమా వేయించి పొట్లంలో మసాలా, కొన్ని నీళ్లు పోసి దగ్గరపడనిస్తారు. బల్ల మీద చిన్న చిన్న గిన్నెల్లో కీరా ముక్కలు, డబ్బా స్వీట్ కార్న్, టమాటా, తురిమిన చీజ్, పుల్లటి మీగడ పెడతారు. ఎవరిది వాళ్లు పేర్చుకుని తినడమే. పచ్చిమిర్చి జాడ ఉండదు. "హాట్" అని రాసి ఉన్న సాల్సా కూడా మన నాలుకకి తియ్యగానే తగులుతుంది.

ఎందుకింత అలవాటైందంటే, నేను గమనించింది ఇది. ఇక్కడ బయట తినడం చాలా ఖరీదు, నలుగురున్న కుటుంబం హోటల్‌కి వెళ్లాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. 1990ల్లో ఈ డబ్బాలు షాపుల్లో బాగా కనిపించడం మొదలయ్యాక, ఇంట్లోనే అరగంటలో కొత్త రకం తిండి తయారైపోయింది. పిల్లలకి తమ ప్లేటు తామే పెట్టుకునే స్వేచ్ఛ. మామూలుగా వీళ్ల భోజనంలో ఇలా అందరూ గిన్నెల్లో చేతులు పెట్టి వడ్డించుకోవడం తక్కువ. కీమా బదులు బీన్స్ వేసుకుంటే శాకాహారులకి ఇబ్బందేమీ లేదు. మా ఇంట్లో రాజ్మా వండి పెడతాం.

నిఖిల్_సిడ్నీ
శుక్రవారం, రాత్రి 9:30

ఇక్కడా చాలా ఏళ్ల పాటు ఆ డబ్బాలే రాజ్యమేలాయి. గుజ్మన్ ఇ గోమెజ్ అనే చెయిన్ 2006లో సిడ్నీలో మొదలైంది, 2024లో ఆస్ట్రేలియా స్టాక్ మార్కెట్‌లో లిస్ట్ అయ్యేంత పెద్దదైంది. ఆఫీసుల దగ్గర మధ్యాహ్నం లైన్లు కడతారు. బీన్స్, కూరగాయలతో చేసిన టాకోలూ దొరుకుతాయి.

భాస్కర్_ఆస్టిన్
శనివారం, ఉదయం 7:15

శిరీష గారు అడిగిన "ఎలా చేరింది" అన్న ప్రశ్నకి నాకు తెలిసినంత చెప్తాను.

అసలు మొక్కజొన్న టోర్టియా చేసిన పూటే తినాలి. మర్నాటికి బిరుసెక్కిపోతుంది. అందుకే మెక్సికోలో వీధి వీధికీ టోర్టియా చేసే షాపులుంటాయి. అలాంటి షాపు లేని ఊళ్లో టాకో అమ్మడం కష్టం. ఆ చిక్కుని విప్పింది ముందే వేయించి పెట్టిన గట్టి షెల్. ఇది పూర్తిగా అమెరికా కంపెనీల సృష్టి అని చాలామంది అనుకుంటారు, కాదు. నూనెలో వేయించిన టాకోలు మెక్సికన్ ఇళ్లలో ముందు నుంచీ ఉన్నాయి. న్యూయార్క్‌లో రెస్టారెంట్ నడిపిన హువెన్సియో మాల్దొనాదో అనే మెక్సికన్ ఆయన టోర్టియాని వంపుగా వేయించే పరికరానికి 1950లో పేటెంట్ తీసుకున్నాడు. కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 1937 నుంచీ మిత్లా కెఫే అని ఒక మెక్సికన్ కుటుంబం హోటల్ ఉంది. దాని ఎదురుగా గ్లెన్ బెల్ అనే ఆయన హాట్‌డాగ్‌లు అమ్ముకునేవాడు. మిత్లాలో టాకోలకి జనం కట్టే లైన్లు చూసి, అక్కడే తిని, చేసే విధానం పట్టుకుని తనూ మొదలుపెట్టాడు. 1962లో డౌనీలో ఆయన తెరిచిందే టాకో బెల్ అనే చెయిన్‌లో మొదటి షాపు. ఆ ఎదురింటి హోటల్ వాళ్ల పేరు ప్రపంచంలో ఎంతమందికి తెలుసు? నాకు ఆ సంగతి ఎప్పుడు తలుచుకున్నా బాధగా ఉంటుంది. మిత్లా కెఫే మాత్రం అదే చోట ఇంకా నడుస్తోంది, అటువైపు వెళ్లే మనవాళ్లు తప్పకుండా ఆగండి.

గట్టి షెల్ నెలల తరబడి నిల్వ ఉంటుంది. డబ్బాలో పెట్టి ఓడెక్కించొచ్చు. నార్వేకి మెక్సికన్లు వెళ్లక్కర్లేదు, డబ్బా వెళ్తే చాలు.

ఇక మా ఆస్టిన్‌లో పొద్దున్నే టాకో. గోధుమ టోర్టియాలో గుడ్డు, బంగాళాదుంప, బీన్స్, చీజ్. ఆఫీసు మీటింగులకి కూడా అవే తెప్పిస్తారు. కొత్తగా వచ్చిన మన పిల్లలకి ఒక మాట. బీన్స్ కదా అని తినేయకండి. పాతకాలం పద్ధతిలో చేసే చోట మెదిపిన బీన్స్‌ని పందికొవ్వులో వేయిస్తారు, గోధుమ టోర్టియాలోనూ అదే వేస్తారు. అడిగితే దాచకుండా చెప్తారు, అడగండి.

మాధవి_గ్వాదలహారా
శనివారం, ఉదయం 9:50

భాస్కర్ గారు డబ్బా గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను మా వారి ఉద్యోగం వల్ల గ్వాదలహారాలో ఉంటున్నాను. ఇక్కడ ఐటీ కంపెనీల్లో మనవాళ్లు బాగానే ఉన్నారు.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. ప్రపంచంలో పాకింది టాకో రూపం. టోర్టియా పాకలేదు. ఇక్కడ టాకో అంటే సగం మాట టోర్టియా గురించే. మాంసం అద్భుతంగా ఉన్నా టోర్టియా ప్యాకెట్‌ది అయితే ఆ బండి దగ్గరికి మళ్లీ పోరు. మంచి చోట ఒకామె పక్కనే కూర్చుని ముద్ద తీసి, నొక్కి, పెనం మీద వేస్తూనే ఉంటుంది. అది పొంగుతుంది, దాని వాసనకే ఆకలేస్తుంది. దాని మీద రెండు చెంచాల కూర, ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మకాయ, సాల్సా. అంతే. చీజ్ తురుము, లెట్యూస్, పుల్లటి మీగడ ఇవేవీ వీధి టాకోలో సాధారణంగా కనపడవు.

టాకో బెల్ 1992లో మెక్సికో సిటీలో పెట్టారు, రెండేళ్లకే మూసేశారు. మళ్లీ 2007లో మోంతెర్రేలో తెరిచారు, 2010కల్లా అదీ మూతపడింది. ఎన్నో దేశాల్లో నిలదొక్కుకున్న కంపెనీ టాకో పుట్టినింట నిలబడలేకపోయిందంటే కారణం ధర కాదు, రుచి.

శాకాహారులకి చెప్తున్నాను, మెక్సికో అంటే భయపడకండి. నోపాల్ అనే నాగజెముడు ఆకులు ముళ్లు తీసి కాల్చి పెడతారు. గుమ్మడి పూలు, పుట్టగొడుగులు, పొబ్లానో మిరపకాయల్ని కాల్చి చీల్చి మీగడతో వండిన "రాహాస్", ఇవన్నీ టాకోలో దొరుకుతాయి. మొక్కజొన్న కంకికి పట్టే నల్ల బూజు లాంటి ఉయిత్లకోచే కూడా వండుతారు. చూడ్డానికి బాగుండదు, రుచి మాత్రం పుట్టగొడుగులకి దగ్గరగా చాలా బాగుంటుంది.

కార్తీక్_లియోన్
శనివారం, మధ్యాహ్నం 1:20

మాధవి అక్కా, మీరు చెప్పింది గౌరవిస్తాను కానీ పూర్తిగా ఒప్పుకోలేను. నేను ఫ్రాన్స్‌లో చదువుకుంటున్నాను. ఇక్కడి టాకో చూస్తే మీరు కళ్లు మూసుకుంటారేమో. పెద్ద గోధుమ టోర్టియాలో మాంసం, దాని మీద బంగాళాదుంప ఫ్రైస్, పైనుంచి వేడి చీజ్ సాస్, నాలుగు వైపులా మడిచి గ్రిల్‌లో నొక్కుతారు. చేతిలో పెట్టుకుంటే ఇటుకంత బరువు. లియోన్ శివారు వీధుల్లో, 2000ల మొదట్లో కెబాబ్ షాపుల వాళ్లు మొదలుపెట్టారంటారు. గ్రెనోబుల్ వాళ్లు కాదు మావే అంటారు. ఓ'టాకోస్ అనే చెయిన్ దాన్ని దేశమంతా పాకించింది. బెల్జియంకి, మొరాకోకి కూడా పాకింది. మొరాకోలో ఇప్పుడు కుర్రకారు తిండి ఇదే.

ఇది పుట్టించింది ఎవరంటే ఎక్కువగా ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు. చాలా చోట్ల మాంసం హలాల్. అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది, కడుపు నిండుతుంది, స్టూడెంట్‌కి అందే ధర. పెద్ద ఫ్రెంచ్ రెస్టారెంట్లలో అడుగుపెట్టడానికి జంకే పిల్లలు ఇక్కడ దర్జాగా కూర్చుంటారు. దీన్ని "టాకో కాదు" అని కొట్టిపారేస్తే ఎలా? మెక్సికోలోనే అందరూ ఇష్టపడే అల్ పాస్తోర్ టాకో లెబనాన్ వాళ్ల షవర్మా నుంచి వచ్చిందే కదా.

మాధవి_గ్వాదలహారా
శనివారం, మధ్యాహ్నం 3:45

కార్తీక్, ఆ పిల్లల మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. నువ్వు తెచ్చిన ఉదాహరణ మంచిది, దాన్నే తీసుకుందాం.

ఒట్టోమన్ సామ్రాజ్యం నుంచి, ముఖ్యంగా ఇప్పటి లెబనాన్ ప్రాంతం నుంచి, 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం మొదట్లో చాలా కుటుంబాలు మెక్సికో వచ్చాయి. ప్వేబ్లా నగరంలో 1930ల్లో "తాకోస్ ఆరబెస్" మొదలయ్యాయి. నిలువు కమ్మీకి మాంసం గుచ్చి కాల్చి, పిటా లాంటి రొట్టెలో చుట్టి ఇచ్చేవాళ్లు. ఆ తర్వాత తరం మెక్సికో సిటీలో గొర్రె మాంసం బదులు పందిమాంసం, అచియోతే గింజలతో ఎర్రటి మసాలా, ఎండు మిరపకాయలు, పైన అనాసపండు పెట్టారు. పిటా పోయి చిన్న మొక్కజొన్న టోర్టియా వచ్చింది, అదే అల్ పాస్తోర్. ఇక్కడ నేను చూసేది ఏమిటంటే, బయట నుంచి వచ్చిన వంట టోర్టియా మీదికొచ్చి కూర్చుంది. అలా వచ్చిన ఎన్నిటినో టోర్టియా తనలో కలుపుకుంది. ఫ్రాన్స్‌లో, నార్వేలో జరిగింది దానికి తలకిందులు. అక్కడ ముందుగా తీసి పక్కన పెట్టింది మొక్కజొన్న టోర్టియానే.

కొత్త వంట పుట్టడం మంచిదే. ఆ కొత్త వంటకి ఈ పేరు తగిలించి, పాతదాన్ని తెలియనివ్వకుండా చేయడం నాకు నచ్చదు.

కార్తీక్_లియోన్
శనివారం, సాయంత్రం 4:10

అక్కా, మెక్సికో ఉత్తర రాష్ట్రాల్లో గోధుమ టోర్టియాలే ఎక్కువ తింటారు కదా? సోనోరా టాకోలు గోధుమవే. మరి వాటినేమంటారు?

మాధవి_గ్వాదలహారా
శనివారం, సాయంత్రం 4:35

నిజమే, అది వాళ్ల నేల తిండి. ఉత్తరాన గోధుమ బాగా పండుతుంది, స్పానిష్ వాళ్లు వచ్చినప్పటి నుంచీ వందల ఏళ్ల అలవాటు. సోనోరాలో అవ్వలు చేతుల మీద సాగదీసి చేసే గోధుమ టోర్టియా ఎదుట కాగితం కనిపించేంత పల్చగా ఉంటుంది. అది టాకోనే, ఎవరూ కాదనరు. వాళ్లూ టోర్టియాకే ప్రాణం పెడతారు, నేను అనేదీ అదే.

మూర్తి_విశాఖ
శనివారం, రాత్రి 7:00

ఈ చర్చలోకి జపాన్‌ని కూడా తేవాలి. నేను మర్చంట్ నేవీలో పనిచేసి రిటైరయ్యాను. ఒకినావా వెళ్లినప్పుడు అక్కడ "టాకో రైస్" అని తిన్నాను. షెల్ లేదు, టోర్టియా లేదు. అన్నం మీద కీమా, చీజ్ తురుము, లెట్యూస్, టమాటా, సాల్సా. చెంచాతో తినడమే.

ఒకినావా 1972 వరకు అమెరికా పాలనలో ఉంది. సైనిక స్థావరాలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ సైనికుల కోసమే టాకో షాపులు వచ్చాయి. కిన్ అనే చిన్న ఊళ్లో, క్యాంప్ హాన్సెన్ గేటు బయట, మాత్సుజో గిబో అనే ఆయన 1984లో టాకో రైస్ మొదలుపెట్టాడు. కుర్ర సైనికుల జేబులు ఖాళీ. తక్కువ డబ్బుకి కడుపు నిండాలంటే అన్నం కన్నా ఏముంది? ఇప్పుడు అది సైనికులది కాదు, ఒకినావా వాళ్లదే అయిపోయింది. స్కూల్ పిల్లల మధ్యాహ్న భోజనంలో కూడా పెడతారు.

మాధవమ్మా, నువ్వన్న లెక్కలో ఇందులో టోర్టియా ఆనవాలు కూడా లేదు. కానీ అన్నం తినే జాతి అన్నం మీదికి తెచ్చుకుంది. నాకది తప్పనిపించలేదు.

మాధవి_గ్వాదలహారా
శనివారం, రాత్రి 7:40

బాబాయ్ గారూ, ఒకినావా వాళ్లు "టాకో రైస్" అని వేరే పేరు పెట్టుకున్నారు చూడండి, నాకు అదే నచ్చింది. ఎవరి వంట వాళ్లది, ఎక్కడి నుంచి వచ్చిందో పేరులో ఉంది.

లక్ష్మి_శాక్రమెంటో
శనివారం, రాత్రి 10:15

మన దేశానికి సంబంధించిన ముచ్చట ఒకటి. గత శతాబ్దం మొదట్లో పంజాబ్ నుంచి రైతులు కాలిఫోర్నియా వచ్చారు. అమెరికా 1917లో చేసిన వలస చట్టం తర్వాత ఇండియా నుంచి ఆడవాళ్లు రావడం దాదాపు అసాధ్యమైంది, తెల్లవాళ్లని పెళ్లి చేసుకోవడానికి అప్పటి చట్టాలు ఒప్పుకోవు. వాళ్లలో చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్లాడారు. ఇంపీరియల్ లోయలో, యూబా సిటీ చుట్టుపక్కల అలాంటి కుటుంబాలు వందల్లో ఉండేవి. అలాంటి ఒక కుటుంబం యూబా సిటీలో 1954లో పెట్టిన ఎల్ రాంచెరో అనే హోటల్లో రొట్టె మడిచి మధ్యలో చీజ్, మాంసం పెట్టి "రోటీ కేసడియా" అమ్మేవాళ్లు. 1990ల దాకా నడిచింది. మాకు ఇక్కడ పాత పంజాబీ తాతలు ఇప్పటికీ దాని గురించి చెప్తుంటారు.

కాలిఫోర్నియాలో అసలు టాకో పాకింది బండ్ల మీద. 1974లో రౌల్ మార్తీనెజ్ అనే ఆయన ఐస్‌క్రీమ్ బండిని టాకో బండిగా మార్చి లాస్ ఏంజెలెస్‌లో తిప్పాడు, అదే కింగ్ టాకో అనే చెయిన్ అయింది. 2008లో రాయ్ చోయ్ అనే కొరియన్ అమెరికన్ షెఫ్ కోగి అనే తన బండి మీద కొరియా పద్ధతిలో కాల్చిన మాంసం టాకోలో పెట్టి, బండి ఎక్కడుందో ట్విట్టర్‌లో చెప్తే జనం పరిగెత్తుకెళ్లేవాళ్లు. గమనించండి, ఆయన వాడింది మొక్కజొన్న టోర్టియాలే.

శిరీష_కూకట్‌పల్లి
ఆదివారం, ఉదయం 8:20

ఇంత సమాచారం వస్తుందని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. మన దగ్గర సంగతి నేను చెప్తాను. టాకో బెల్ 2010లో బెంగళూరులో మొదలైంది, ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉంది. బీఫ్ ఉండదు. చికెన్, పనీర్, ఆలూ. పిల్లలకి ఆ కరకర నచ్చుతుంది. ఇళ్లలో మాత్రం చపాతీ మడిచి రాజ్మా పెట్టి టాకో అనేస్తున్నాం. మాధవి గారు చెప్పింది చదివాక మొక్కజొన్నతో చేసి చూడాలనిపిస్తోంది.

వసుధ_విజయవాడ
ఆదివారం, ఉదయం 10:05

నేను చేశాను శిరీష గారూ, బాగా రాలేదు. షాపులో మొక్కజొన్న పిండి కొని వేడినీళ్లతో కలిపితే ముద్ద అంటుకోదు, ఒత్తితే అంచులు పగిలి ముక్కలైపోయింది. జొన్నరొట్టెలు బాగానే చేస్తాను, ఇదెందుకు రాదో అర్థం కాలేదు. అక్కడివాళ్లు పిండిలో ఏం కలుపుతారు?

సుబ్బారావు_తెనాలి
ఆదివారం, ఉదయం 11:30

అమ్మా, నేను మొక్కజొన్న పండించేవాడిని. మన రెండు రాష్ట్రాల్లో లక్షల ఎకరాల్లో వేస్తాం. వరి కోశాక దుక్కి కూడా దున్నకుండా నాటేస్తాం. కానీ పండిందంతా ఎక్కడికి పోతుంది? కోళ్ల దాణాకి, స్టార్చ్ ఫ్యాక్టరీలకి. మన ప్లేటులోకి వచ్చేది వానాకాలం కాల్చిన పొత్తు ఒక్కటే. ఈ పంట కూడా మెక్సికో నుంచే వచ్చిందని, మన మిరపకాయా అటు నుంచే వచ్చిందని చదివాను. మిరపకాయని గుంటూరు వాళ్లం మనదని చెప్పుకునేంత దగ్గర చేసుకున్నాం, మొక్కజొన్నని మాత్రం కోళ్లకి వదిలేశాం. వాళ్లు దాన్ని మూడు పూటలా ఎలా తినగలుగుతున్నారో మాధవి గారు వివరంగా చెప్తే వినాలని ఉంది.

మాధవి_గ్వాదలహారా
ఆదివారం, మధ్యాహ్నం 12:40

సుబ్బారావు గారూ, వసుధ గారూ, మీ ఇద్దరి ప్రశ్నకీ జవాబు ఒకటే. సున్నం.

ఎండు మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, రుబ్బుతారు. ఉడికించిన గింజని నిష్టమాల్ అంటారు, రుబ్బిన ముద్ద మాసా. వేల ఏళ్ల నాటి పద్ధతి. సున్నం గింజ పైతోలుని వదులు చేస్తుంది, లోపలి పిండికి జిగురు వస్తుంది. అందుకే మాసా సాగుతుంది, ఒత్తితే పగలదు. ఉత్తి గింజ పిండికి ఆ గుణం రాదు, ఎన్ని వేడినీళ్లు పోసినా అంతే. రుచి, వాసన కూడా పూర్తిగా వేరు.

పద్మజ_తార్నాక
ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను పోషకాహారం చదువుకున్నాను, ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి. మొక్కజొన్నలో నియాసిన్ అనే బి విటమిన్ ఉంటుంది కానీ మన ఒంటికి అందని రూపంలో కట్టుబడి ఉంటుంది. సున్నంలో ఉడికిస్తే అది విడుదలవుతుంది. కాల్షియం కూడా కలుస్తుంది.

యూరప్ వాళ్లు అమెరికా ఖండం నుంచి గింజ తీసుకెళ్లారు, సున్నం పద్ధతి తీసుకెళ్లలేదు. ఫలితం పెల్లాగ్రా. చర్మం ఎండ తగిలిన చోటల్లా కమిలి పొలుసులు కట్టడం, విరేచనాలు, మతి చలించడం, చివరికి చావు. స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ అనే వైద్యుడు 1735లోనే దీన్ని గుర్తించాడు. ఉత్తర ఇటలీలో మొక్కజొన్న అంబలి మీద బతికే పేద రైతులు వేలల్లో దీని పాలపడ్డారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 20వ శతాబ్దం మొదట్లో ఇంకా ఘోరం. ఇది అంటురోగం కాదు, తిండి లోపమని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1914 నుంచి చేసిన పరిశోధనతో తేలింది. నియాసిన్ అని తెలిసింది 1937లో. అదే గింజని వేల ఏళ్లుగా తింటున్న మెక్సికో పల్లెల్లో ఈ జబ్బు అంతగా లేకపోవడానికి పెద్ద కారణం ఆ సున్నపు నీళ్లే.

మన దక్కన్‌లో కూడా జొన్నే ప్రధానంగా తినే పేద కుటుంబాల్లో పెల్లాగ్రా ఉండేది. మన హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా ఉన్న చోట సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా దీని మీద పనిచేశారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువవడం కారణం కావచ్చని 1960లో ప్రచురించారు. తర్వాత దాని మీద చాలా వాదనలు నడిచాయి. తిండిలో పప్పు, పాలు, కూర కలిసేసరికి జబ్బు తగ్గిపోయింది.

కార్తీక్ బాబూ, రుచి సంగతి ఎవరిష్టం వాళ్లది. కానీ గింజ ఒక్కటే తీసుకుని దాన్ని వండే జ్ఞానం వదిలేస్తే ప్రాణాల మీదికి వచ్చిన చరిత్ర ఇది. మాధవి గారి పట్టుదలకి నేను అందుకే ఓటేస్తాను.

కార్తీక్_లియోన్
ఆదివారం, మధ్యాహ్నం 3:00

పెల్లాగ్రా సంగతి నాకు అసలు తెలీదు అక్కా, చెప్పినందుకు థాంక్స్. అయినా నా మాట నాకుంది. లియోన్‌లో ఆ షాపు పెట్టిన పిల్లాడు ఎవరి జ్ఞానాన్నీ దొంగిలించలేదు, తన దగ్గరున్న సరుకుతో తన వీధివాళ్ల ఆకలి తీర్చాడు. డబ్బాల కంపెనీలనీ, ఆ పిల్లాడినీ ఒకే గాటన కట్టొద్దని మాత్రం అంటాను.

భాస్కర్_ఆస్టిన్
ఆదివారం, సాయంత్రం 6:30

కార్తీక్ చెప్పిన ఆ తేడా న్యాయమైనదే. ఇక్కడ "టాకో ట్యూస్‌డే" అనే మాటని కూడా ఒక చెయిన్ 1989లో తన పేర రిజిస్టర్ చేయించుకుంది. 2023లో టాకో బెల్ దాని మీద అర్జీ పెట్టాక వదులుకుంది. ఒక దేశం పేదల తిండి మీద వేరే దేశంలో రెండు కంపెనీలు హక్కుల కోసం పోట్లాడుకున్నాయి.

మెక్సికో సిటీలో శాన్ రఫాయెల్ పేటలో ఎల్ కలీఫా దె లియోన్ అని 1968 నాటి చిన్న టాకో షాపు ఉంది. కూర్చోవడానికి కుర్చీలు లేవు, మెనూలో నాలుగు రకాలే. 2024 మే నెలలో దానికి మిషెలిన్ స్టార్ (హోటళ్లకి ఇచ్చే పేరున్న గుర్తింపు) వచ్చింది. మీడియా అంతా మాంసం గురించి రాసింది. వెళ్లొచ్చిన మా కొలీగ్ చెప్పింది మాత్రం, పక్కనే ఒకామె అప్పటికప్పుడు ఒత్తి ఇచ్చే టోర్టియా గురించి.

వసుధ_విజయవాడ
ఆదివారం, రాత్రి 8:10

మాధవి గారూ, కొలతలతో చెప్తారా? మా ఇంట్లో వెట్ గ్రైండర్ ఉంది. సున్నం అంటే తాంబూలం సున్నం పనికొస్తుందా?

మాధవి_గ్వాదలహారా
ఆదివారం, రాత్రి 9:25

తప్పకుండా. కిలో ఎండు మొక్కజొన్న గింజలు (స్వీట్ కార్న్ పనికిరాదు), మూడు లీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఫుడ్ గ్రేడ్ కాల్షియం హైడ్రాక్సైడ్. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. తాంబూలం సున్నం కూడా అదే పదార్థం, కానీ డబ్బాలో ఇంకేం కలిపారో తెలీదు కాబట్టి నేను ఫుడ్ గ్రేడ్‌దే వాడమంటాను. గోడలకి వేసే సున్నం జోలికి మాత్రం పోవద్దు. పొడి కళ్లలో, చేతుల మీద పడకుండా చూసుకోండి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుది తీసుకోండి.

సున్నం నీళ్లలో కలిపి గింజలు వేసి సన్నని మంట మీద ఉడికించండి. నీళ్లు పచ్చగా మారతాయి. 40 నిమిషాల తర్వాత ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలపండి. తోలు జారిపోవాలి, గింజ కొరికితే మధ్యలో కాస్త గట్టిగా తగలాలి. మన దేశం మొక్కజొన్న రాయిలా గట్టి రకం కాబట్టి ఇంకాసేపు పట్టొచ్చు. పూర్తిగా మెత్తబడితే రుబ్బినప్పుడు బంక అయిపోతుంది. దించి మూతపెట్టి రాత్రంతా వదిలేయండి.

పొద్దున్నే ఆ నీళ్లు పారబోసి, గింజల్ని చేత్తో రుద్దుతూ రెండు మూడు నీళ్లు కడగండి. తోలు మొత్తం పోవాలని లేదు, కొంచెం ఉంటే జిగురుకి మంచిదే. గ్రైండర్‌లో కొద్దికొద్దిగా వేస్తూ నీళ్లు చిలకరిస్తూ రుబ్బండి. పోయకండి, చిలకరించండి. చిన్న ఉండ చేసి అరచేతిలో నొక్కితే అంచులు పగిలితే నీళ్లు తక్కువ, చేతికి అంటుకుంటే ఎక్కువ.

మందపాటి పాలిథిన్ కవర్ రెండు ముక్కలు కోసి మధ్యలో ఉండ పెట్టి, చదునైన బరువు గిన్నెతో నొక్కండి. పెనం బాగా కాలాలి. మొదటి వైపు 20 సెకన్లు, రెండో వైపు నిమిషం, మళ్లీ తిప్పగానే పొంగుతుంది. గుడ్డలో చుట్టి ఉంచండి, ఆవిరికి మెత్తబడతాయి.

సుబ్బారావు_తెనాలి
సోమవారం, ఉదయం 6:50

వసుధమ్మా, ఒక జాగ్రత్త. దాణా షాపులో గింజలు కొనొద్దు. తేమ మీద ఉన్నవాటికి బూజు పడితే అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది, ఉడికించినంత మాత్రాన పూర్తిగా పోదు. రైతు దగ్గర ఎండిన కండెలు తీసుకుని ఇంట్లో ఒలుచుకోవడం మంచిది. కొనకి నల్లగా, పచ్చగా మచ్చలున్న కండె పక్కన పడేయండి. మా పంట చేతికొచ్చాక మీకు కావలసినన్ని పంపిస్తాను, ఇక్కడ మెసేజ్ పెట్టండి.

వసుధ_విజయవాడ
సోమవారం, ఉదయం 7:30

చాలా సంతోషం బాబాయ్ గారూ, తప్పకుండా పెడతాను. మాధవి గారూ, చివరిగా ఒకటి. లోపలికి మన కూరల్లో ఏది సరిపోతుంది? మాంసం తినం.

మాధవి_గ్వాదలహారా
సోమవారం, ఉదయం 8:45

నీళ్లు కారే కూర వద్దు, టోర్టియా చిరిగిపోతుంది. గుత్తి వంకాయ ముద్దగా మెదిపి పెట్టండి, లేదంటే అలసందలు ఉడికించి ఎండుమిర్చి, వెల్లుల్లితో వేయించండి. పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, నిమ్మరసం. సాల్సాకి టమాటా, వెల్లుల్లి, గుంటూరు ఎండుమిర్చి మూడూ పొడి పెనం మీద నల్ల మచ్చలు వచ్చేదాకా కాల్చి, ఉప్పేసి రోట్లో నూరండి. నూనె, పోపు అక్కర్లేదు. మిగిలిన టోర్టియాలు మర్నాడు గట్టిపడితే ముక్కలు కోసి నూనెలో వేయించుకోండి, పిల్లలు ఇష్టంగా తింటారు.

శిరీష_కూకట్‌పల్లి
సోమవారం, ఉదయం 9:10

నేనూ ఈ వారం సున్నం ఆర్డర్ పెడుతున్నాను. సుబ్బారావు గారూ, హైదరాబాద్‌కి కూడా ఒక సంచి పంపగలరా? పార్సిల్ ఖర్చు నేను పెట్టుకుంటాను.